బీరువా గారి పరీక్ష

"ఒకసారి వెళ్ళి నవ్వులపాలైంది చాలదా? మళ్ళీ ఎందుకే?" అంటోంది అమ్మ, కూర తరుగుతూ.

"గడ్డకి మన పరువు సంగతి తెలీదు అత్తయ్యా," అంది వదిన. "రొమ్ములో చేతికి తగులుతుంటే ఊరుకుంటామా?"

పొద్దున్నుంచీ ఇదే వాదన. ఎవరి గురించి వాదనో ఆమె మాత్రం చక్రాల కుర్చీలో కూర్చుని, రిపేరుకొచ్చిన కుట్టుమిషను విప్పుకుంటోంది.

కిందటి వారం ఆస్పత్రిలో మామోగ్రామ్ మిషను ఆమె ఎత్తుకి దిగలేదు. నిలబడితేనే తీయగలమంది సిస్టరు. గుమ్మం దగ్గరున్న మిషన్ల మెకానిక్, ఆమెని తీసుకెళ్ళిన అన్నయ్యతో, "చెరో పక్కా పట్టుకుని నిలబెడదామా సార్?" అన్నాడు.

"నేనేమన్నా బీరువానా?" అందామె. "కాళ్ళు రావు గానీ నోరొస్తుంది. అడిగేదేదో నన్నడగండి."

అతను రెండడుగులు వెనక్కేశాడు. పరీక్ష జరక్కుండానే ఇంటికొచ్చేశారు.

ఇప్పుడు ఫోన్ మోగింది. చేతులకి నూనె, స్పీకర్ నొక్కింది.

"బీరువా గారేనా అండీ?"

"అవును. మోయడానికి మనిషి దొరికాడా?"

"మోయక్కర్లేదండీ. కుర్చీలో కూర్చుంటే మీ భుజం నేల నుంచి ఎంత ఎత్తు?"

"పరాయి ఆడపిల్లని అడిగే ప్రశ్నేనా ఇది?"

"మిషన్ కోసమండీ బాబూ! తప్పు నాదే. పొట్టివాళ్ళకని కింద చెక్కమెట్టు బిగించాను. దానికి తగలకుండా మిషను దిగే దూరం తగ్గించేశాను. కూర్చుని వచ్చేవాళ్ళుంటారని తట్టనే లేదు. ఇప్పుడు సరిచేశాను. మెట్టు కావాలంటే వేసుకోవచ్చు, లేకపోతే తీసెయ్యొచ్చు."

"నా కుర్చీ చేతులు కూడా అడ్డమొస్తాయి."

"ఊడొస్తాయా?"

"స్పానర్ నా సంచీలోనే ఉంటుంది."

అమ్మ కత్తిపీట పక్కన పెట్టింది. "నేనూ వస్తాను," అంది ముక్తసరిగా.

మళ్ళీ ఆస్పత్రికి వెళ్ళిన రోజు మిషను బుద్ధిగా కిందికి దిగింది. తలుపు బయట అతను, ఊడదీసిన కుర్చీ చేతులు రెండూ కవల పిల్లల్లా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అమ్మ కాసేపు చూసి, పక్కనే కూర్చుంది.

నీటిగడ్డేనట. భయం లేదన్నారు డాక్టరమ్మ.

ఫోన్లు మాత్రం ఆగలేదు. "ఇవాళ ఇంకో కుర్చీ ఆవిడ వచ్చారు. మిషను దగ్గర ఉంచడానికి ఒక స్పానర్ కొన్నాను."

"నాకు పోటీ పెడుతున్నారా?"

కొన్నాళ్ళకి నసుగుతూ అన్నాడు: "మీ అన్నయ్యగారితో ఒక మాట..."

"అడిగేదేదో నన్నడగండి."

అడిగాడు.

ఆ రాత్రి అందరూ భోజనానికి కూర్చున్నారు. ఆమె పెరుగు వడ్డించుకుంటూ, ఉప్పు అడిగినంత మామూలుగా అంది.

"ఏడాదికి మళ్ళీ చూపించుకోమన్నారు కదా. అప్పుడు మీరెవరూ పని మానుకుని రానక్కర్లేదు. కుర్చీ చేతులు పట్టుకోవడానికి ఆయనుంటారు. పెళ్ళి ఈలోపే చేసుకుంటున్నాం."