మీటరు పెట్టెలో సాలెగూడు

"ఆగండి! ఆ బ్రష్షు దించండి!"

నేను దించలేదు, అదే చేతిలోంచి జారిపోయింది. మెట్ల కింద కరెంటు మీటరు పెట్టె తెరిచి, బూజు దులిపి అంకెలు చూద్దామని చెయ్యెత్తేసరికి పైమెట్టు మీంచి వచ్చిన కేక అది.

"రీడింగు తియ్యాలండీ. బూజు అడ్డమొస్తోంది."

"అది బూజు కాదు, సాలెగూడు. నాది."

"మీరు కట్టారా?"

"నేను కడితే ఇంత బాగా వస్తుందా? పక్కకి జరగండి."

ఆమె చేతిలో పౌడరు డబ్బా, జిగురు పూసిన నల్ల అట్ట. గూటి మీద పౌడరు చల్లింది. అట్టని వెనకనుంచి మెల్లగా ఆనించి, అంచుల పోగులు కత్తెరతో తుంచింది. ఊపిరి తగిలితే చెదిరిపోయేది కాస్తా, నిలవ నీళ్లలో చినుకు పడ్డప్పుడు లేచే వలయాల్లా అట్ట మీద నిలిచిపోయింది.

"సాలీడు?" అన్నాను భయంగా.

"ఇల్లు ఖాళీ చేసి మూడు రోజులైంది. నేను ఖాళీ ఇళ్లే తీసుకుంటాను."

ఆమె కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీస్తుంది. పై గదిలో ఒక్కతే ఉంటుంది. ఈ రెండో సంగతి ఆమె చెప్పలేదు, మీటరు చెప్పింది. నెలకి పద్దెనిమిది యూనిట్లు. ఒక ఫ్యాను, ఒక బల్బు, ఒక్క మనిషి. నా గది మీటరూ సరిగ్గా అంతే తిరుగుతుంది కాబట్టి నాకు తెలుసు.

రోజుకి నూట ఇరవై గుమ్మాలు ఎక్కి దిగుతాను. "ఎవరూ?" "మీటరండీ." అంతటితో సరి, నా మొహం ఎవరూ చూడరు. ఆమె మాత్రం నేను వెళ్లినప్పుడల్లా కొత్త అట్టలు మెట్ల మీద పరిచేది.

"ఇది చూడండి, గాలివాన రోజు కట్టింది. ఎడమపక్క ఎంత కంగారుపడిందో!"

నేను నవ్వేవాణ్ని. మీటరు మనిషి నెలకోసారే కదా వచ్చేది! ఆ తర్వాత ఇరవై తొమ్మిది రోజులు నవ్వడానికి ఏమీ ఉండేది కాదు. కానీ ప్రతి పెట్టెలోనూ అంకెల కంటే ముందు మూలలు చూడడం మొదలైంది. ఇన్నేళ్లూ బ్రష్షుతో ఒక్క ఊపుకి తీసేసినవాటి ముందు ఇప్పుడు నిమిషంసేపు నిలబడేవాణ్ని. పొద్దుటి మంచు పట్టినవైతే రెండు నిమిషాలు.

నాలుగో నెల నాకు తెలివి ఎక్కువైంది. ఒక గోడౌను మూల పళ్లెమంత గూడు కనబడితే, నేనే అట్టకి పట్టి కానుకగా తీసుకెళ్లాను. ఆమె దాన్ని వెలుగులోకి తిప్పింది. మధ్యలో సాలీడు జిగురుకి అతుక్కుని, కాళ్లు ముడుచుకుని చచ్చిపడి ఉంది.

"కాపురమున్న ఇల్లు పడగొట్టారు," అంది. తలుపేసుకుంది.

వారం తిరక్కుండా ఆఫీసులో మెమో ఇచ్చారు. ఆ ఇంటి నుంచే ఫిర్యాదు, రీడింగు తప్పట.

"ఏమయ్యా, పద్దెనిమిది యూనిట్లు కూడా సరిగ్గా చూడలేవా?" అన్నాడు సూపర్‌వైజరు. నా వీధులు మార్చేశాడు.

నేను రాసిన అంకె తప్పు కాదు. ఇంత కోపమా ఆమెకి అనుకున్నాను. కొత్త వీధుల్లోనూ సాలెగూళ్లున్నాయి. ఎంత బాగున్నా "ఇది చూడండి" అనడానికి పక్కన ఎవరూ లేరు. తిన్నావా అని అడిగేందుకు వారానికోసారి అక్క ఫోను, అంతే.

ఒక ఆదివారం సన్నగా చినుకులు పడుతుంటే వెళ్లాను. భుజాన సంచి లేదు, చేతిలో బిల్లు మిషను లేదు. ఏ పనీ లేకుండా ఒకరి గుమ్మం ముందు నిలబడడం అదే మొదటిసారి. తలుపు తెరిచింది.

"ఈ వీధి ఇప్పుడు మీది కాదటగా?"

"కాదు. సారీ చెబుదామని వచ్చాను. మీరు ఫిర్యాదు చేయడంలో తప్పులేదు. మెమో నాకు రావాల్సిందే."

"మెమోనా?" ఆమె మొహం పాలిపోయింది.

"రీడింగు తప్పని చెప్పారుగా."

"తప్పంటే మళ్లీ మిమ్మల్నే పంపుతారనుకున్నాను!" అంది. "తలుపేసుకున్నందుకు మర్నాడే బాధేసింది. మీ ఫోను నంబరు తెలీదు. నెల దాకా ఎలా ఆగుతాం? తీరా ఎవరో లావుపాటాయన వచ్చి, మెట్ల కిందంతా దులిపేసి, 'కరెక్టేనమ్మా' అని పోయాడు."

నవ్వాలో ఏడవాలో తెలియక నవ్వాను. ఆమె కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

"మళ్లీ నెలకి వస్తారా?"

"నెలకోసారి నా వల్ల కాదండీ."

"మరి?"

"రోజూ మీతోనే ఉండాలనుంది. మీకిష్టమైతే."

ఆమె రెండో తలుపు రెక్క గడియ కూడా తీసింది.

"తడుస్తున్నారు. ముందు లోపలికి రండి."

సాయంత్రం అక్కకి నేనే ఫోను చేశాను.

"ఏం చేస్తుందిరా అమ్మాయి?"

"దుకాణంలో పని. ఖాళీ ఉంటే సాలెగూళ్లు పట్టి అట్టలకి అంటిస్తుందే."

పిచ్చివాళ్లం అనుకుంటుందేమోనని ఫోను చెవికి ఇంకాస్త నొక్కుకున్నాను.

"నువ్వు నవ్వుతూ మాట్లాడగా విని ఎన్నాళ్లయిందిరా," అంది. "రేపే తీసుకురా. ఇల్లు దులపనులే."