బ్రేకర్ వెనుక గోళ్లరంగు

డిటెక్టివ్ కుర్చీ చూపించినా ఆమె కూర్చోలేదు.

"సాయంత్రానికల్లా మా ఆయన్ని పోలీసులు పట్టుకుపోతారండీ. మరిది ఆసుపత్రిలో ఉన్నాడు, బతుకుతాడో లేదో డాక్టర్లే చెప్పలేకపోతున్నారు. తమ్ముణ్ణి అన్నే కాల్చేశాడంటున్నారు!"

ఆమె రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది. కుడిచేతి గోళ్లకు ఎర్రరంగు ఉంది, ఎడమచేతికి లేదు. ఇంత దుఃఖంలో డిటెక్టివ్ దాన్ని గురించి అడగడం సహాయకుడికి ఇబ్బందిగా తోచింది.

"ఒక చేతికే వేసుకున్నారేమమ్మా?"

"సీసా మా ఆయన పట్టుకుపోతాడండీ. నట్టు బిగిస్తే దానిమీద గీత గీయందే ఆయనకు నిద్రపట్టదు. నా గోళ్లకన్నా ఆ నట్లకే సోకులెక్కువ" అంది. నవ్వబోయి, ఏడ్చేసింది.

ఆమె భర్త ఊరికి నీళ్లు తోడే పంపుహౌస్‌లో ఆపరేటరు. మోటార్లకు కరెంటు కలిపి తెంపే బ్రేకర్లు అక్కడ మొన్నటిదాకా గ్యాసువి. వాటిని తీసేసి, గాలి లేని డబ్బాలో కరెంటు తెంపే వాక్యూమ్ బ్రేకర్లు పెట్టారు. అప్పటినుంచి రెండు మోటార్లు కాలిపోయాయి. నిన్న మూడోది కాలినప్పుడు దాని కేబుల్ పెట్టె పేలింది. పక్కనే అతని తమ్ముడున్నాడు. మూడుసార్లూ స్టాప్ బటన్ నొక్కింది అన్నే.

పంపుహౌస్‌లో డిటెక్టివ్, సహాయకుడు ఆమెతో కలిసి అడుగుపెట్టేసరికి పెద్ద ఇంజనీరు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఉన్నాడు. "నా సర్వీసంతా గ్యాస్ బ్రేకర్లతోనే గడిచింది. ఒక్కటీ నన్ను మోసం చేయలేదు. ఈ వాక్యూమ్ డబ్బాలొచ్చాయి, మోటార్లు పోయాయి. గోరుచుట్టు మీద రోకలిపోటులా ఈ ఆపరేటరు అజాగ్రత్త. కొత్త స్టేషన్‌కు ఏ బ్రేకర్లు కొనాలో నీటి బోర్డు ఇవాళే తేలుస్తుంది. ఇక వేరే చెప్పాలా?"

వాక్యూమ్‌ను ఎంపిక చేసింది చిన్న ఇంజనీరు. ఆ అమ్మాయి కళ్లు వాచి ఉన్నాయి.

"గ్యాసు ఎందుకు వద్దన్నారు?" అని డిటెక్టివ్ ఆమెను అడిగాడు.

"కరెంటు తెంపినప్పుడు లేచే నిప్పును అది మెత్తగానే ఆర్పుతుందండీ. కానీ లీకైపోకుండా ఎప్పుడూ కనిపెట్టుకుని ఉండాలి. బయటికొస్తే వాతావరణానికి చేటు. వాక్యూమ్‌తో ఆ బాధ లేదు."

"మరి దానితో బాధ?"

"కరెంటును ఒక్కోసారి టక్కున తెంపేస్తుంది. ఆ దెబ్బ పాత మోటార్లు తట్టుకోలేవు. అందుకే దాన్ని మింగేసే సర్జ్ సప్రెసర్లు బ్రేకర్ ప్యానెల్ వెనక పెట్టించాను. నిన్న ప్రమాదం తర్వాత తలుపు తీయించి చూశాను, అన్నీ గట్టిగా బిగించే ఉన్నాయి. అంటే నా ఎంపికే తప్పు."

"ప్యానెల్ వెనక తలుపు తాళంచెవి?"

"ఒక్కటే ఉంది. పెద్దసార్ దగ్గర."

ఆపరేటరు గోడకు ఆనుకుని నేలమీద కూర్చున్నాడు. ముఖంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

"స్టాప్ ఎందుకు నొక్కావు?"

"పెద్దసార్ ఆపమన్నారండీ. మోటారు స్టార్ట్ చేశాను, ఇంకా ఊపందుకోలేదు. శబ్దం తేడాగా ఉంది, ఆపెయ్ అన్నారు. ముందు రెండుసార్లూ అంతే."

"తేడా అనిపిస్తే ఆపమనడం తప్పా?" అని పెద్ద ఇంజనీరు గదిమాడు.

డిటెక్టివ్ ప్యానెల్ దగ్గరికి నడిచాడు. కరెంటు తీయించి, తాళం అడిగి తీసుకుని, టార్చితో ప్యానెల్ వెనక్కి వెళ్లాడు. సహాయకుడూ తొంగిచూశాడు. బోల్టులు, నట్లు, ఎర్రగీతలు. అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు.

ఆపరేటరును పట్టుకుపోవడానికి ఎస్సై వచ్చేసరికి డిటెక్టివ్ అందరినీ ప్యానెల్ వెనక నిలబెట్టాడు.

"బస్సు వేగమందుకునేటప్పుడు బ్రేకు పడితే నిలబడ్డవాళ్లు తూలిపడతారు. మోటారు ఊపందుకోకముందే వాక్యూమ్ బ్రేకర్‌తో ఆపితే దాని వైండింగ్, అంటే లోపలి తీగచుట్టల మీద అలాంటి దెబ్బే పడుతుంది, పదింతలు గట్టిగా. సప్రెసర్లు ఉంటే కాచుకుంటాయి. అవి ఉండీ మోటార్లు పోయాయంటే, పోయిన సమయంలో వాటి తీగలు ఊడదీసి ఉన్నాయన్నమాట."

"బిగించే ఉన్నాయని ఆ అమ్మాయే చెప్పింది కదా!" అన్నాడు ఎస్సై.

"ఇప్పుడు బిగించే ఉన్నాయి. ఈ గీతలు చూడండి. ప్యానెల్ బిగించిన రోజు ఆపరేటరు నట్టు మీంచి కింది రేకు మీదికి తిన్నగా గీసిన గోళ్లరంగు. ప్యానెల్‌లో అన్నిచోట్లా గీత కలిసే ఉంది. సప్రెసర్ల దగ్గర మాత్రం నట్టు మీది ముక్క ఒకవైపు, రేకు మీది ముక్క ఇంకోవైపు. ఎవరో విప్పి, ప్రమాదం కాగానే మళ్లీ బిగించారు. ఆపరేటరైతే కొత్త గీత గీయకుండా ఉండలేడు, అది అతని జబ్బు. పైగా అతని దగ్గర తాళం లేదు. తాళం ఎవరిదో, సరిగ్గా ఆ క్షణాన ఆపమన్నదెవరో మీకు తెలుసు."

అందరూ పెద్ద ఇంజనీరు వైపు తిరిగారు.

"బోర్డు నా మాట వినలేదు. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల మాట విన్నారు. రెండు మోటార్లు పోయినా మనసు మార్చుకోలేదు. మోటార్లే పోతాయనుకున్నాను. మనిషి ఉంటాడనుకోలేదు."

"మోటారు పక్కన మనిషి కాక ఎవరుంటారండీ?" అన్నాడు డిటెక్టివ్. కేసు తేలినందుకు అతని గొంతులో సంతోషమేమీ లేదు.

ఎస్సై పెద్ద ఇంజనీరును తీసుకెళ్లాడు. చిన్న ఇంజనీరు ఆ గీతలనే చూస్తూ ఉండిపోయింది. ఆపరేటరు మాత్రం లేవలేదు. కుడిచేతి బొటనవేలు ఎత్తి చూసుకుంటున్నాడు.

"ఆయన ఆపమన్నాడు. నొక్కింది ఈ వేలే కదండీ. వాడు కళ్లు తెరిచి అన్నయ్యా అంటే ఏం చెప్పను?"

గుమ్మం దగ్గరినుంచి భార్య వచ్చి, రంగున్న చేత్తో అతని బొటనవేలిని గుప్పిట్లో మూసేసింది.

"ముందు వాణ్ణి కళ్లు తెరవనీ. పద" అని అతన్ని ఆసుపత్రి దారి పట్టించింది.