ఆమె మానేసిన మాత్రలు

"మీ ఆవిడ ద్రోహి కాదు," అన్నాడు చీఫ్. "మన డబుల్ ఏజెంట్. ముఠాలోకి నేనే పంపాను."

ఏజెంట్ డేగ కుర్చీలోంచి సగం లేచాడు. భార్య తనను కాదని విదేశీ ముఠాలో చేరిందని నమ్మి, ఇన్నాళ్లూ ఆమె మాటెత్తితేనే మండిపడుతున్నాడతను.

చీఫ్ బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. ఒకసారి రక్తం గడ్డకట్టి బతికి బయటపడినవాళ్లకు అది తిరగబెట్టకుండా కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర సాయపడుతుందేమో చూడ్డానికి రోగుల మీద పెద్ద ట్రయల్ నడుస్తోంది. ఆ మాత్రల్లో రక్తాన్ని గడ్డకట్టించే విషం కలిపింది ముఠా. రోగులు పోతే పాత జబ్బే తిరగబెట్టిందనుకుంటారు. ఈ మందు మూలపడుతుంది, దాని బదులు ముఠా తయారుచేసే మందు అమ్ముడవుతుంది. సరుకు ఆ ఉదయమే ముఠా గోడౌన్ దాటుతోంది. విషం ఏ పెట్టెల్లో ఉందో ఆమె గుర్తుపెట్టి ఉంచింది.

డేగ మెకానిక్ వేషంలో గోడౌన్‌లో అడుగుపెట్టాడు. పట్టు గౌనులో, ముఠా నాయకుడి పక్కన నవ్వుతూ నిలబడి ఉందామె. ఎడమకాలు వాచి ఉంది.

"ఈ ఫోర్క్‌లిఫ్ట్ బ్యాటరీ ఎప్పుడు మార్చారు?" కోడ్ చెప్పాడు.

"మార్చేవాడే రాలేదు," బదులిచ్చింది.

ఫోన్ మోగి నాయకుడు పక్కకి వెళ్లగానే ఆమె చిన్న టార్చ్ అతని చేతిలో పెట్టింది. దాని వెలుగు పడితేనే పెట్టెల మీది గుర్తులు కనిపిస్తాయట.

"నీ మాత్రలు?" అన్నాడతను మెల్లగా. ఇదివరకు ఆమె కాల్లో కట్టిన గడ్డ ఊపిరితిత్తుల దాకా పాకింది. రక్తాన్ని పలచబరిచే మాత్ర ఎట్టి పరిస్థితుల్లోనూ మానొద్దని, కొలెస్ట్రాల్ మాత్ర కూడా వేసుకోమని డాక్టరు చెప్పాడు. భోజనం కాగానే రెండూ ఆమె అరచేతిలో పెట్టేది డేగే.

"మానేశాను. వీళ్లు చంపబోయే రోగుల జబ్బే నాదీ. మాత్రలు దొరికితే నేనూ దొరికిపోతాను."

"నాతో వచ్చేయ్."

"సరుకు లారీ కదులుతోంది. ముందు దాన్ని చూడు."

డేగ పెట్టెలెత్తే ఆ ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కి గేటుకి అడ్డంగా పోనిచ్చాడు. లారీ దాన్ని రాసుకుంటూ ఆగింది. టార్చ్ వెలుగులో పెట్టెల మీది గుర్తులు పచ్చగా మెరిశాయి. బయట పొంచి ఉన్న కమాండోలు నాయకుణ్ణి ఫోన్ చేతిలో ఉండగానే పట్టుకున్నారు.

డేగ పరుగున తిరిగొచ్చేసరికి ఆమె నేలమీద కూర్చుని, గాలి అందక రొప్పుతోంది. పెదవులు నీలమయ్యాయి. అంబులెన్స్ కోసం కేకేసి, ఆమెను ఒళ్లోకి తీసుకున్నాడు.

"నన్ను తెగ తిట్టావట?" అడిగిందామె.

"రోజూ."

"మంచి పని చేశావు. అది విన్నాకే వాళ్లు నన్ను నమ్మారు."

అంబులెన్స్ వచ్చింది. అప్పటికే ఆమె ప్రాణం పోయింది.

విషపు మాత్ర ఒక్కటి కూడా రోగుల చేతికి చేరలేదు. ట్రయల్ కొనసాగింది. కొన్నాళ్లకు డేగను తర్వాతి మిషన్‌కి ముందు డిపార్ట్‌మెంట్ డాక్టర్ పరీక్షించాడు. ఈసీజీ కాగితం తిరగేసి, గుండెకి ఏ లోపమూ లేదన్నాడు.

డేగ చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "ఆ మెషీన్ ఒకసారి రిపేర్‌కి ఇవ్వండి డాక్టర్," అన్నాడు.