బ్లాక్‌పూల్ ఫొటోలో వెనక నిలబడ్డ మనిషి

మెట్ల కింద పడి ఉన్న శవం ఒంటిమీద మంచి కోటు ఉంది. తలకు టోపీ ఉంది. కాళ్లకు మాత్రం ఇంట్లో వేసుకునే చెప్పులు.

ఫిబ్రవరి 1962. సోమవారం ఉదయం. లాంకషైర్‌లోని రాస్‌డెన్ పట్టణం, టెంటర్ వీధి.

డిటెక్టివ్ సార్జెంట్ ఎల్లిస్ గ్రిమ్‌షా మోకాళ్ల మీద కూర్చుని ఆ మొహంలోకి చూశాడు. మార్తా ఎంట్విసిల్. అరవై ఆరేళ్లు. మిల్లులో మగ్గాల మీద జీవితమంతా గడిపిన మనిషి. పెళ్లి చేసుకోలేదు. గ్రిమ్‌షా పక్క వీధిలోనే పుట్టి పెరిగాడు. చిన్నప్పుడు మోకాలు చీరుకుపోతే ఈ వంటింట్లోనే కట్టు కట్టించుకుని, జామ్ రాసిన రొట్టె తిని వెళ్లాడు. ఇప్పుడా వంటింట్లో పొయ్యి చల్లారిపోయి ఉంది. పోలీసు ఉద్యోగంలో దుఃఖం పైకి కనబడనివ్వకూడదు. లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు.

"చావు ఎప్పుడు?" ఇన్‌స్పెక్టర్ లాంబర్ట్ డాక్టర్ని అడిగాడు.

డాక్టర్ పెదవి విరిచాడు. ఇల్లు మంచుగడ్డలా ఉంది, ఇంత చలిలో శవాన్ని చూసి సమయం చెప్పలేనన్నాడు. శనివారం కావచ్చు, ఆదివారం కావచ్చు. తల వెనక దెబ్బ ఉంది. తనంతట తాను పడిందో, ఎవరైనా తోశారో దెబ్బను బట్టి తేల్చలేం.

"ఆదివారమే. చాపెల్‌కి, ప్రార్థనకి బయల్దేరింది. అందుకే కోటూ టోపీ," అన్నాడు లాంబర్ట్.

లాంబర్ట్ ఇంగ్లండ్ దక్షిణాది మనిషి. ఏడాది క్రితమే బదిలీ మీద వచ్చాడు. తెలివైనవాడు, కాస్త తొందరపాటు ఉంది. గ్రిమ్‌షా బల్ల సొరుగు తెరిచి చూశాడు. మార్తా ప్రార్థనల పుస్తకం అందులోనే ఉంది.

ముందు గదిలో ఒక అట్టపెట్టె బోర్లా పడి ఉంది. నేలంతా పాత ఫొటోలు.

ఆ ఫొటోల సంగతి లైబ్రరీ ఉద్యోగి హోల్డెన్ చెప్పాడు. శవాన్ని మొదట చూసింది కూడా అతనే. తలుపు కొట్టి కొట్టి, ఉత్తరాల కంతలోంచి తొంగిచూస్తే చెప్పులు కనబడ్డాయట. తలుపు లాగితే తాళం పడిపోయే రకం. పోలీసులు వచ్చి పగలగొట్టాల్సి వచ్చింది.

మిల్లు మూతపడి రెండేళ్లయింది. ఈ వసంతంలో టెంటర్ వీధిని కూల్చేస్తున్నారు. ఆలోపు వీధి జ్ఞాపకాలు పోగుచేసి ప్రదర్శన పెడదామని లైబ్రరీ వాళ్ల ఆలోచన. ఇంటింటికీ తిరిగి ఫొటోలు అడిగి తెచ్చే పని మార్తా నెత్తిన వేసుకుంది. పెళ్లిళ్లు, మిల్లు సెలవుల్లో బ్లాక్‌పూల్ ప్రయాణాలు, యుద్ధానికి వెళ్లి రాని కుర్రాళ్లు. ఆ చివరి వరసలో మార్తాకు కాబోయే భర్త వాల్టర్ క్లెగ్ కూడా ఉన్నాడు. 1917లో ఫ్రాన్స్‌లో పోయాడు. అతని పేరు చాపెల్ గోడలో రాతి మీద చెక్కి ఉంది. ప్రతి నవంబరులో ఆ రాతి కింద పూలు పెట్టేది మార్తానే.

శవాన్ని బయటికి తెచ్చేసరికి వీధికి రెండువైపులా ముందు గదుల కిటికీ తెరలన్నీ వేసి ఉన్నాయి. మగవాళ్లు టోపీలు తీసి నిలబడ్డారు. ఎవరూ పెదవి కదపలేదు.

పక్కింటి మిసెస్ నటల్ మాత్రం మాట్లాడింది. మగ్గాల మోతలో బతికిన వాళ్లందరిలాగే పెదాలు విప్పి విప్పి, ఎదుటివాడు చెవిటివాడన్నట్టు మాట్లాడింది. ఆదివారం మధ్యాహ్నం మార్తా చెల్లెలి కొడుకు డెరిక్ పిలింగ్ వచ్చి తలుపు బాదాడు, అరిచాడు, వెనకవైపుకి కూడా వెళ్లాడు అని చెప్పింది.

డెరిక్ ఇళ్లలో దొంగతనాలు చేసి జైలుకెళ్లి వచ్చినవాడు. ఆ సాయంత్రానికే అతన్ని పట్టుకొచ్చారు.

"ఆదివారం అక్కడికెందుకెళ్లావు?" లాంబర్ట్ అడిగాడు.

"ప్రతి ఆదివారం టీకి వెళ్తా సార్. జైల్లోంచి వచ్చాక నన్ను గడప తొక్కనిచ్చింది మా పెద్దమ్మ ఒక్కతే."

"అరిచావెందుకు?"

"తలుపు తియ్యలేదు. ఆమెకి మగ్గాల చెవుడు. అరవకపోతే వినబడదు."

"లోపలికి ఎలా వెళ్లావు?"

"వెళ్లలేదు సార్."

"ఆమె కనబడకపోతే ఎదురింట్లో అడగొచ్చుగా?"

"అడుగుదామనే వెళ్లా. మిస్ క్లెగ్ ఇంటి తెరలు వేసున్నాయి. చావొచ్చిన ఇంట్లోకి వెళ్లి ఏమడుగుతాం? తిరిగొచ్చేశా."

లాంబర్ట్ ఆ ముక్క రాసుకోలేదు. గ్రిమ్‌షా రాసుకున్నాడు.

బయటికొచ్చాక లాంబర్ట్ తన లెక్క చెప్పాడు. పెట్టె బోర్లా పడి ఉంది కాబట్టి వీడు దేనికోసమో వెతికాడు. దొంగతనం కోసం చేసిన హత్య. కోర్టులో అలా తేలితే ఉరే. డెరిక్‌కు ఇరవై మూడేళ్లు. గదిలో వాడు రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. అది చూసి గ్రిమ్‌షా మనసు ఉసూరుమంది.

మంగళవారం ఉదయం అతను లైబ్రరీకి వెళ్లాడు. హోల్డెన్ నేలమీద పడిన ఫొటోలన్నీ సర్దాడు. ఒకటి తక్కువైందన్నాడు.

"ఏది?"

"నటల్ వాళ్లది. 1921లో బ్లాక్‌పూల్‌లో తీయించుకున్నది. శుక్రవారం మిస్ ఎంట్విసిల్ దాన్ని చూడ్డానికి నా భూతద్దం కూడా పట్టుకెళ్లారు. ఎందుకో చెప్పలేదు."

శనివారం హోల్డెన్ తానే టెంటర్ వీధిని ఫొటోలు తీశాడట, కూల్చేలోపు ఒక గుర్తు ఉండాలని. ఆ ప్రింట్లు అప్పుడే ఆరుతున్నాయి. గ్రిమ్‌షా రెండిటిని పక్కపక్కన పెట్టాడు. భోజనానికి ముందు తీసిన దాంట్లో, మార్తాకు ఎదురుగా ఉండే ఆలిస్ క్లెగ్ ఇంటి ముందు గది తెరలు తీసి ఉన్నాయి. ఎండ అటు తిరిగాక, భోజనం తర్వాత తీసిన దాంట్లో వేసి ఉన్నాయి. వీధి మొత్తంలో ఆ ఒక్క ఇంటివే.

అతనికి అర్థమైంది. అర్థం కాకుండా ఉంటే బాగుండేదనిపించింది.

మిసెస్ నటల్‌కు ఆ ఫొటో బాగానే గుర్తుంది. సముద్రంలోకి కట్టిన పియర్ మీద తనూ తన వాళ్లూ. వెనక గుంపులో ఆలిస్ క్లెగ్ ఎవరో మగమనిషి పక్కన నిలబడి దొరికిపోయిందని అప్పట్లో అందరూ ఆటపట్టించారట. దూరపు చుట్టమంటూ ఆలిస్ మాట దాటేసిందట.

మధ్యాహ్నం గ్రిమ్‌షా లాంబర్ట్‌ను వెంటబెట్టుకుని ఎదురింటికి వెళ్లాడు.

ఆలిస్ క్లెగ్ వాల్టర్ చెల్లెలు. తల్లి పోయాక ఒంటరిగా ఉంటోంది. గ్రిమ్‌షాను చూసి కెటిల్ పొయ్యి మీద పెట్టబోయింది. అతను వద్దన్నాడు. ఈ ఇంట్లో అతను టీ వద్దనడం అదే మొదటిసారి. ఆమె మెల్లగా కూర్చుంది.

"పిన్నీ, శనివారం ముందు గది తెరలెందుకు వేశావు?"

"తలనొప్పి, నాయనా."

"తలనొప్పొస్తే పైకెళ్లి పడుకుంటావు. పడగ్గది తెరలు వేసుకుంటావు."

గ్రిమ్‌షా లాంబర్ట్ వైపు తిరిగాడు.

"మీ వైపు ఎలాగో నాకు తెలీదు సార్. ఈ వీధిలో పట్టపగలు ముందు గది తెరలు ఒక్కందుకే వేస్తారు. ఎవరైనా పోతే. నిన్న మనం శవాన్ని తెచ్చేసరికి అందరూ వేశారు. అందుకే ఈ ఇల్లు మన కంటికి ఆనలేదు. కానీ డెరిక్ ఆదివారమే చూశాడు. హోల్డెన్ కెమెరా శనివారమే చూసింది. అప్పటికి మార్తా పోయిందని వీధిలో ఎవరికీ తెలీదు. ఒక్కరికి తప్ప."

ఆలిస్ ఒళ్లో చేతులు చూసుకుంది.

"ఇంటికొచ్చి కూలబడ్డాను. తెరలెప్పుడు లాగానో నాకే తెలీదు. తర్వాత తీద్దామని లేచాను కూడా. ఎదురుగా ఆమె అలా పడి ఉంటే, తెరలు బార్లా తీసుకుని కూర్చోమంటావా? ఆ మాత్రం మర్యాదైనా చెయ్యొద్దా, ఎల్లిస్?"

"ఫొటో ఏది?"

ఆమె ఏప్రన్ జేబులోంచి తీసి ఇచ్చింది. మడత పడిపోయి ఉంది. నటల్ కుటుంబం వెనక పడుచు ఆలిస్. ఆమె పక్కన ఒక సన్నటి మనిషి, టోపీ కిందికి లాక్కుని. చనిపోయిన నాలుగేళ్ల తర్వాత వాల్టర్ క్లెగ్ బ్లాక్‌పూల్ పియర్ మీద నిలబడి ఉన్నాడు.

లాంబర్ట్ మొదటిసారిగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఆలిస్ చెప్పుకొచ్చింది. వాల్టర్ యుద్ధంలోంచి నడిచి వెళ్లిపోయాడు, సైన్యం మాత్రం చనిపోయాడనుకుంది. పట్టుబడితే కాల్చేస్తారని రెండేళ్లు దాక్కుని, ఫ్లీట్‌వుడ్ రేవులో వేరే పేరుతో పనికి కుదిరాడు. తల్లికి కబురు పంపేసరికి రాతి మీద పేరు చెక్కడం అయిపోయింది. అప్పటికే అక్కడ అతనికి ఒక భార్య, ఒక బిడ్డ. ఆ మాట మార్తాతో ఎలా అనాలో తల్లికి తెలియలేదు, కూతురికీ తెలియలేదు. బతికుండి వదిలేశాడనే కంటే వీరుడై పోయాడనుకోవడమే ఆమెకు నయమనుకున్నారు. ఆ తర్వాత మార్తాను అడిగిన ఇద్దరు మంచి మగవాళ్లను ఆమె కాదంది. అప్పుడైనా చెప్పాల్సిందని ఆలిస్ అంది. ఆమె కళ్లు తుడుచుకోలేదు, నీళ్లు కారనిచ్చింది.

"శనివారం ఏం జరిగింది పిన్నీ?"

"రమ్మని పిలిచింది. భూతద్దం నా చేతికిచ్చింది. 'ఇది వాల్టరేనా?' అంది. అబద్ధం నోటికి రాలేదు. 'ఎక్కడున్నాడు?' అంది. 'ఫ్లీట్‌వుడ్' అన్నాను. నా నోట్లో మాట పూర్తి కానేలేదు, పైకి పరిగెత్తింది. చెప్పులైనా మార్చుకోలేదు. కోటు తొడుక్కుని, టోపీ పెట్టుకుని మెట్ల మీద నిలబడి రైలెన్నింటికని అడిగింది. తిడుతుందనుకున్నా నాయనా. కొడుతుందనుకున్నా. ఆమె నవ్వుతోంది. ఇరవయ్యేళ్ల పిల్లలా నవ్వుతోంది."

"నువ్వు తోశావా?"

"ముట్టుకోలేదు. 'ఆగు మార్తా, వాడు పోయి పదకొండేళ్లయింది' అన్నాను. అంతే. ఆమె కాలు మెట్టు మీద నిలవలేదు."

పట్టుకుని చూసేసరికి ప్రాణం లేదు. ఆలిస్ ఫొటో తీసుకోబోతే పెట్టె పడిపోయింది. తలుపు లాగి వచ్చేసింది. డెరిక్‌ను పట్టుకెళ్లారని తెలిశాక రెండుసార్లు కోటు వేసుకుని బయల్దేరింది. పోలీసు స్టేషన్‌కు, వాల్టర్ పేరు చెక్కిన ఆ చాపెల్ ముందునుంచే వెళ్లాలి. రెండుసార్లూ అక్కడిదాకా వెళ్లి వెనక్కి వచ్చింది.

లాంబర్ట్ లేచి వీధి చివర టెలిఫోన్ దగ్గరికి వెళ్లాడు, డెరిక్‌ను వదిలేయమని చెప్పడానికి.

గ్రిమ్‌షా స్టేట్‌మెంట్ రాసి చదివి వినిపించాడు. ఇంకేమైనా చేర్చాలా అని అడిగాడు.

"ఒక్కటి రాసుకో," అంది ఆలిస్. "పదిహేడులో మిలటరీ కాగితం వచ్చినప్పుడు మా అమ్మ కుర్చీలోంచి లేవలేకపోయింది. వీధి దాటి వెళ్లి మార్తాకి చెప్పింది నేనే. వాడు పోయాడని రెండుసార్లూ నేనే చెప్పాను. మొదటిసారి తట్టుకుంది."