కొత్త మంచు: సున్నా

సూరిబాబుకి బావ మీద ఉన్న ఫిర్యాదు పెద్దదేం కాదు. అక్క మొగుడు ఇంట్లో పెత్తనం చేస్తే సరిపెట్టుకోవచ్చు. గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో కూడా ఆయనే చీఫ్ అయి కూర్చోవడం అన్యాయం. పైగా ఆదిశేషు బుద్ధెరిగాక ఒక్కసారైనా తనది తప్పన్న మనిషి కాదు. ఓసారి కాకినాడ వెళ్ళాల్సినవాడు వేరే రైలెక్కేసి, రైలే దారి తప్పిందని టీసీతో పోట్లాడాడు. అక్క ఇప్పటికీ ఆ టీసీ మీద జాలిపడుతుంది.

ఎనభై మూడు జనవరిలో, దుబాయ్ కరామాలో ఒక ఇరుకు ఫ్లాట్‌లో, సూరిబాబు ఆ బావ ఎదుట కూర్చుని బ్రీఫింగ్ వింటున్నాడు.

"సనావుల్లా పోయాడు. క్రీక్‌లో తేలాడు. చేతులు వెనక్కి కట్టేసి ఉన్నాయి."

సనావుల్లా నెల్లూరు వాడు. బర్ దుబాయ్‌లో బట్టల కొట్ల పైన ఒక ట్రావెల్ ఏజెన్సీలో టెలెక్స్ ఆపరేటర్. ఆ ఏజెన్సీ పైకి ఆల్ప్స్ కొండల్లో స్కీయింగ్ టూర్లు అమ్ముతుంది. లోపల అది ఒక విదేశీ ముఠాకి పోస్టాఫీసు. ముఠా నాయకుణ్ణి ప్రొఫెసర్ అంటారు. అతని మొహం చూసి ఇంకా బతికున్నవాడు ఒక్కడే. అబూ ధాబీకి అవతల, రువైస్ రిఫైనరీలో ఫిట్టర్ పర్శరాములు. ప్లాంటులో బాంబు పెట్టించబోతుండగా ప్రొఫెసర్‌ని కళ్ళారా చూశాడు. అతన్ని అబూ ధాబీ చేర్చి విమానం ఎక్కించాలి. నిన్ను ఇంటికి, మీ ఆవిడ గౌరవ్వ దగ్గరికి పంపే పూచీ నాదని సూరిబాబు అతని చేతిలో చెయ్యేసి చెప్పి వచ్చాడు.

చచ్చేముందు సనావుల్లా ఫోన్‌లో చెప్పింది ఒక్క ముక్క. మంచు పడిన పొద్దున రువైస్ రోడ్డులో పర్శరాముల్ని ఖలాస్ చేస్తారు సార్, అని.

"ఎడారిలో మంచెక్కడిది? కాబట్టి కోడ్," అన్నాడు ఆదిశేషు. "ఆ ఏజెన్సీకి రోజూ స్కీ రిసార్ట్ నుంచి స్నో రిపోర్ట్ వస్తుంది. కొత్త మంచు పడిందని ఉంటే ఆ మర్నాడు దాడి. సున్నా అని వచ్చిన రోజు చూసి మనవాణ్ణి లాగేస్తాం."

ఏజెన్సీ నడిపే మేడమ్ లీనా మన జీతం కూడా తీసుకుంటోంది కదా, ఆవిణ్ణే అడిగితే పోలేదా అన్నాడు సూరిబాబు.

"రెండిళ్ళ భోజనం చేసే మనిషి. ఏం చెప్పినా దాన్ని తిరగేసి నమ్ము. క్షేమం."

సాయంత్రానికి సూరిబాబు హైదరాబాద్ నవాబుగారి పర్సనల్ సెక్రటరీ అయ్యాడు. షేర్వానీ, అతికించిన మీసం, జేబులో సిగరెట్ లైటర్ రూపంలో కెమెరా. కెమెరా బాగానే పనిచేస్తుంది, లైటరే వెలగదు.

"స్కీయింగ్‌కి ఏ నెల మంచిది?" అన్నాడు ఏజెన్సీలో, కోడ్ ప్రకారం.

"మీ పొట్టకి ఏ నెలా మంచిది కాదు," అంది లీనా. ఆ పొట్ట సంగతి కోడ్‌లో లేదు. తెల్ల పట్టు బ్లౌజు, వేళ్ళకి ఎర్ర గోళ్ళు, కళ్ళ కింద నిద్రలేని నలుపు. కళ్ళెత్తి సీలింగ్ ఫ్యాన్ వైపు చూసింది. అక్కడ మైక్ ఉందన్నమాట.

అందుకని గొంతు పెంచి పాఠం చెప్పింది. పౌడర్ అంటే ఇవాళ పడింది, జల్లెడ పట్టిన పిండిలా ఉంటుంది. ప్యాక్డ్ అంటే జనం తొక్కి తొక్కి గట్టిపడింది. రిపోర్టులో లోతులు రెండిస్తారు, కొండ కింద ఒకటి, పైన ఒకటి. చలి పైన ఎక్కువ కనుక మంచూ పైనే ఎక్కువ.

తర్వాత రేపటి రిపోర్టున్న టెలెక్స్ ముందుకి తోసింది. కొత్త మంచు సున్నా. కింద నూట నలభై, పైన తొంభై. కొండెక్కించే లిఫ్టులు బంద్. ఆవిడ గోరు నూట నలభై మీంచి కదల్లేదు.

"కొత్త మంచు లేకపోతే లిఫ్టులు ఎందుకు మూస్తారు మేడమ్?"

"పడ్డ మంచు కోసం డబ్బు పోసి మరీ వెళ్తారు, సెక్రటరీ సాబ్. ఎదుట ఏముందో కనబడని రోజున మూస్తారు."

ఇదంతా విని ఆదిశేషు సున్నా ఒక్కటే పట్టుకున్నాడు. అంకెలు తలకిందులయ్యాయి బావా అంటే, పాత టెలెక్స్ వాడు చచ్చాడుగా, కొత్తవాడు తప్పు కొట్టుంటాడన్నాడు. ఆ రాత్రే అబూ ధాబీ చేరారు. తెల్లవారుజామున రువైస్‌కి ఫోన్ చేసి పర్శరాముల్ని బయల్దేరదీయించి, తామిద్దరూ టయోటాలో ఎదురెళ్ళారు.

దారిలో పెట్రోల్ బంకు దగ్గర ఆగేసరికి, సముద్రం వైపు నుంచి తెల్లగా ఏదో దొర్లుకుంటూ వచ్చి రోడ్డుని మింగేసింది. పెట్రోల్ కొట్టే చాంద్ బాషా కడప వాడు. తెలుగు వినగానే మొహం విప్పారింది.

"మంచు బాగా పడతాండాది సార్. నిదానంగా పోండి."

"మంచేంటయ్యా? ఇది ఫాగ్," అన్నాడు ఆదిశేషు.

"మా పక్క మంచే అంటాం సార్. ఇంకేమంటారు?"

సూరిబాబు చేతిలో చిల్లర కింద పడింది. గడ్డి మీది చుక్కా మంచే, హిమాలయమూ మంచే, ఈ గుడ్డి తెలుపూ మంచే. డెహ్రాడూన్‌లో చదివిన బావకి తట్టకపోతే పోయె, కాకినాడలో పుట్టిన తనకేమైంది? సనావుల్లా కోడ్ మాట్లాడలేదు. తెలుగు మాట్లాడాడు.

"లిఫ్టులు బంద్ అంటే ఫాగ్ బావా. రిపోర్ట్ కొండది కాదు, ఈ రోడ్డుది. నూట నలభై లోతు కాదు, కిలోమీటరు బోర్డు."

ఆదిశేషు కార్లోకి దూకాడు. పర్శరాములు కారులో ఫోన్ లేదు, వైర్‌లెస్ లేదు. సూరిబాబు యాక్సిలరేటర్ నేలకి తొక్కాడు.

నూట నలభై బోర్డు కనబడగానే దిగి పరుగెత్తాడు. అవతల రోడ్డుకి అడ్డంగా, దీపాలార్పేసిన ట్యాంకర్. దానికవతల, రువైస్ వైపు నుంచి, ఒక కారు రొద దగ్గరవుతోంది. అరిచాడు. ఆ తెలుపు అరుపుని కూడా మింగేసింది.

ట్యాంకర్ క్యాబిన్‌లో తుపాకీ పేలింది. మరుక్షణం హారన్ మొదలైంది. ఆగలేదు.

బ్రేకులు కీచుమన్నాయి. ట్యాంకర్‌కి బెత్తెడు దూరంలో కారు నిలబడింది. క్యాబిన్ లోంచి దూకి పారిపోతున్నవాడి కాళ్ళ మధ్యకి సూరిబాబు పడ్డాడు. ఇద్దరూ ఇసుకలో దొర్లారు. ఆదిశేషు వచ్చి పిస్టల్ ఆనించాక గానీ వాడు ఆగలేదు.

పర్శరాములు కారు దిగి, వంగి చూశాడు.

"గీయనే సారు. గా పొద్దు సూసింది గీయన్నే."

హారన్ ఇంకా మోగుతూనే ఉంది. ఆదిశేషు క్యాబిన్ ఎక్కాడు. ప్రొఫెసర్ తన వెంట తెచ్చుకున్న లీనా, గుండు తగిలి స్టీరింగ్ మీద వాలిపోయి ఉంది. ఆవిడ తలని రెండు చేతులతో మెల్లగా ఎత్తాడు. అప్పుడు ఆగింది. ఎర్ర గోళ్ళు స్టీరింగ్‌ని వదల్లేదు. ఒక్కొక్క వేలే విప్పాల్సి వచ్చింది.

పర్శరాముల్ని విమానం ఎక్కించి దుబాయ్ తిరిగొచ్చే దారిలో బావ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. మంచు విడిపోయి, ఎండ చురచురలాడుతోంది.

"తప్పు నాదే, సూరీ," అన్నాడు చివరికి. "సనావుల్లా మాట విషయంలోనూ, ఆవిడ విషయంలోనూ."

సూరిబాబు గేరు మార్చాడు.

ఇంకో మైలు గడిచింది.

"ఆ రైలు కూడా సరిగ్గానే వెళ్ళిందిరా."