వదిలించని నకలు

పోయినవాళ్ళు ఇళ్ళకు తిరిగొస్తారనే ఏడో నెలలో పెద్దలకు అన్నం పెట్టి, రెండు చెక్కబిళ్ళలు నేలమీద వేసి "తిన్నారా?" అని అడగడం మా ఇంట్లో నా పని; అవి పడిన తీరే వాళ్ళ జవాబు. ఆ సాయంత్రం తైచుంగ్ అస్థికల మందిరమంతా వాన వాసన, అగరు పొగ. ఆ నెలలో అక్కడికి పిల్లల్ని తీసుకెళ్ళం. అందుకే తమ్ముడి కూతురు యున్‌షీని ఇంట్లో వాళ్ళమ్మ దగ్గరే ఉంచాం.

ఆ మందిరంలో పోయినవాళ్ళను పేరుపేరునా భోజనానికి పిలిచే యంత్రానికి ప్రోగ్రాం రాసింది మా తమ్ముడు వెయ్‌లున్.

"ఏ పేరు పిలవాలన్నా ముందు దానికో నకలు తీస్తుందక్కా. పిలిచాక ఆ నకలును నేనే వదిలించాలి. మరిచిపోతే లోపలే పడి ఉంటుంది."

"నీ మతిమరుపు సంగతి తెలిసే ఇచ్చారా ఈ పని?"

నవ్వాడు. "నిన్న పరీక్షకి మన యున్‌షీ పేరు పెట్టి చూశా."

"పోయినవాళ్ళ వరసలో ఏడేళ్ళ పిల్ల పేరా? బుద్ధుందట్రా!"

"తీసేశాలే అక్కా."

యంత్రం నాన్న పేరు పిలిచింది. తర్వాత బాబాయి పేరు. తర్వాత గరగరమంటూ, ఇంటిపేరుతో సహా... "పాయ్ యున్‌షీ."

వాడి ముఖం పాలిపోయింది. "అసలు పేరొక్కటే తీసేశాను... నకలు వదిలించలేదు."

గదికి అడ్డంగా కట్టిన తెర వెనక చిన్న అడుగులు.

"వస్తున్నా అత్తా."

యున్‌షీ. బయట కుండపోత. దాని జుట్టు తడవలేదు. వచ్చి నా చిటికెన వేలు పట్టుకుంది.

ఫోన్ మోగింది. మరదలు. "పాపకి ఒళ్ళు కాలిపోతోంది. ఎవరో పిలుస్తున్నారంటోంది. త్వరగా రండి!"

"ఇది నకలు..." గుసగుసగా అన్నాను. "వదిలించరా."

"నకలనుకున్నది ఒక్కోసారి అసలే అవుతుందక్కా... అప్పుడు వదిలిస్తే అసలే పోతుంది."

"ఊపిరాడట్లేదు దీనికి!" ఫోన్‌లో కేక.

వాడు కళ్ళు మూసుకుని మీట నొక్కాడు.

యంత్రం ఆగింది. వాన చప్పుడు. నా చిటికెన వేలు పట్టుకున్న చెయ్యి... అలాగే ఉంది.

మరదలి గొంతు నెమ్మదిగా వినిపించింది. "మంచం ఖాళీగా ఉంది... దుప్పటి ఇంకా వెచ్చగానే ఉంది."

నా వేలు పట్టుకుని ఇంటికొచ్చిన యున్‌షీ ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. మంచి పిల్ల. రోజూ గ్వాన్‌యిన్ తల్లికి దండం పెట్టుకుంటుంది. మరదలు మాత్రం దాన్ని ఎన్నడూ పేరు పెట్టి పిలవదు.

ఏటా ఏడో నెలలో, అది ఇంట్లో లేని వేళ చూసి బిళ్ళలు వేస్తాను. "తిన్నారా?" అని అడుగుతాను. అవి నేలను తాకకముందే, పూజ గూట్లో నాన్న పేరు చెక్కిన పలక వెనక నుంచి ఏడేళ్ళ గొంతు...

"ఇంకా లేదత్తా. నన్నెవరూ పిలవలేదుగా."