చుక్కాని దగ్గర చోటు

పైడితల్లి పోయిన రోజున పడవ ఇసుక మీదే ఉంది. పచ్చకామెర్లతో పద్నాలుగేళ్ళ పిల్ల ఆసుపత్రి మంచం మీద పోయింది. ఆ మంచం దగ్గరికి సముద్రపు హోరు కూడా వినిపించదు. అయినా పెదజాలరిపేట వెనక వీధిలో అందరూ ఒకే మాట అన్నారు. ఆడపిల్లని చుక్కాని దగ్గర కూర్చోబెట్టారు, గంగమ్మ తీసుకుపోయింది అని.

ఆ మాట మొదట అన్నది పిల్ల నాయనమ్మ జోగమ్మే.

పిల్ల తండ్రి నీలకంఠం పోర్టులో క్రేన్ నడిపేవాడు. శృంగవరపుకోట దగ్గర వ్యవసాయం చేసుకునే ఇంట పుట్టినవాడు, ఒక ఓడ తాలూకు పాత చెక్క పడవను వేలంలో కొన్నాడు. దానికి కొయ్య నిలబెట్టి తెరచాప కట్టాడు. నాగలి పట్టాల్సినవాడు నావ పట్టాడని బంధువులు నవ్వారు. శివరాత్రి వెళ్ళి సముద్రం నెమ్మదించగానే ఆదివారాలు ఇంటిల్లిపాదీ ఆ పడవలో యారాడ తీరానికి వెళ్ళేవారు. వేసవి సెలవుల్లో భీమిలి వెళ్ళి అక్కడి ఇసుక మీదే పడుకునేవారు. తెరచాప తండ్రిది, చుక్కాని పెద్దకూతురిది. తల్లి తాయారు, చిన్నకూతురు మంగ అన్నం గిన్నెలు ఒలక్కుండా పట్టుకుని కూర్చునేవారు.

పైడితల్లి పోయాక నీలకంఠం పడవ మీద తాటాకు పందిరి వేశాడు. ఎండా వానా తగలకుండా చుట్టూ తడికెలు కట్టాడు. కూతురి మీద ప్రేమతో దాచాడనుకుంది తాయారు. ఆ తడికెలు విప్పి చూసే ధైర్యం ఆమెకు ఎన్నడూ రాలేదు.

రెండేళ్ళు గడిచాయి. 1981 మాఘమాసంలో ఒక ఆదివారం ఉదయం తాయారు పెరట్లో అంట్లు తోముతోంది. వీధి అరుగు మీద మాటలు వినిపించాయి. వచ్చినవాడు కట్టెల అడితి దాలయ్య.

"పడవ సూసొచ్చాను బావ. సెక్కల మజ్జిన ఏలు దూరతంది. ఎండిపోయి నోళ్ళు తెరిసీసింది. ఇంకేటి పనికొత్తాది, పొయ్యిలోకే. రేపు బండి తెత్తాను."

"అలాగే," అన్నాడు నీలకంఠం.

తాయారు బూడిద చేతులతోనే బయటికి వచ్చింది.

"రేపు తేకు దాలయ్యన్నా. ఎల్లుండీ తేకు. పడవ అమ్మీది లేదు."

దాలయ్య ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "మీరిద్దరూ ఒక మాట మీదకొచ్చి కబురెట్టండి," అని చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

"నీళ్ళు సూపకపోతే సెక్క ముడుసుకుపోద్దని నాకు సెప్పినోడివి నువ్వే," అంది తాయారు. "పడవ ఒడ్డున ఉన్నన్నాళ్ళూ బక్కెట్లతో తడిపీవోడివి. నీకు తెల్దేటి మావా?"

"తెలుసు."

"తెలిసే తడికెలు కట్టావా?"

నీలకంఠం నేల చూశాడు. "గొడ్డలెట్టడానికి సెయ్యి రాలేదు."

"అందుకని ఎండబెట్టావా! ఆ పందిరి సూసి, మా మావకి గుంటంటే, కూతురంటే ఎంత పేణమో అనుకున్నాను నాను. ఎర్రిదాన్ని!"

గుమ్మంలోంచి జోగమ్మ అందుకుంది. "ఓలే, ఊరుకో. గుంటని తినీసిన పడవ అది. పోనీ, పీడ పోద్ది."

ఆ మాటకు తాయారు అంతవరకూ ఎన్నడూ జవాబు చెప్పలేదు. ఇప్పుడు అత్త వైపు తిరిగింది.

"నా గుంటని ఏదీ తినలేదు అత్తా. రోగమొచ్చి పోయింది. ఆ ఎండల్లోనే, ఆ రోగంతోనే మన ఈదిలో పైడయ్య కొడుకూ పోయాడు. ఆడు పడవెక్కాడా? బడికెల్లాడు. ఆడ్నేటి తినీసింది, బడా?"

జోగమ్మ గుమ్మం మీద చతికిలబడింది.

"పడవని పొయ్యిలో ఎడితే మీరన్న మాటే నిజమైపోద్ది. రేపు మంగ అడుగుద్ది, అక్క ఏటి తప్పు సేసిందమ్మా అని. నానేటి సెప్పాలి? సెప్పండి, ఇద్దరూ సెప్పండి!"

నీలకంఠం తల ఎత్తాడు. "పడవ దింపితే అక్కడ ఎవరు కూకుంటారే? తెరసాప సర్ది నాను ఎనక్కి తిరిగితే ఎవరుండాలి?"

"నన్ను కూకోబెట్టు."

"నీకు ఈతేనా రాదు."

"గుంటకి పుడతానే వచ్చిందేటి చుక్కాని? నువ్వే నేర్పావు. నాకూ నేర్పు. తిట్టు, పడతాను."

"దానికి ఒక్కపాలి సెప్తే వచ్చీది," అన్నాడు నీలకంఠం.

పైడితల్లి పోయాక ఆమె గురించి ఇంట్లో అతను అన్న మొదటి మాట అది. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. తాయారు కోపం తగ్గలేదు. అయినా అతని పక్కన కూర్చుంది.

ఆ సాయంత్రమే తడికెలు విప్పారు. రోజూ బిందెలతో సముద్రపు నీళ్ళు మోసి పడవలో పోశారు. మొదట్లో పోసినవి పోసినట్టే ఇసుకలోకి కారిపోయాయి. ఒకరోజు జోగమ్మ కూడా వచ్చింది. బిందె ఎత్తే ఓపిక లేక చెంబుతో తెచ్చి పోసింది. నెమ్మదిగా చెక్క ఉబ్బింది. మూసుకోని సందుల్లో నీలకంఠం పత్తి కూరి తారు పూశాడు.

శివరాత్రి వెళ్ళిన ఆదివారం పడవను నీటిలోకి నెట్టారు. వీధివాళ్ళు ఒడ్డున నిలబడి చూశారు గానీ ఎవరూ చెయ్యి వెయ్యలేదు. తాయారు కొంగు బిగించి చుక్కాని దగ్గర కూర్చుంది.

"కుడికి! కుడికంటే అదా?"

"అరవకు, ఇనబడతంది."

"మెల్లగా తిప్పే! రుబ్బురోలనుకున్నావేటి?"

మంగ పగలబడి నవ్వింది. తల్లి కూడా నవ్వబోయి, కెరటం మొహాన కొట్టడంతో కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత చాలాసేపు తుడుచుకుంటూనే ఉంది. నీలకంఠం తెరచాప సర్ది వెనక్కి తిరిగాడు. ఆమెను చూశాడు. చూపు తిప్పుకోలేదు.

ఆ వేసవి సెలవుల దాకా యారాడ వెళ్ళి వస్తూనే ఉన్నారు. వీధి మాత్రం తన మాట వెనక్కి తీసుకోలేదు. భీమిలి నుంచి తిరిగి రావాలంటే ఎదురుగాలి. ఎదురుగాలిలో పడవను అటూ ఇటూ మళ్ళిస్తూ నడపడం తాయారుకి ఇంకా రాలేదు. అందుకే భీమిలి ఇంకా వెళ్ళలేదు.